రిటైరైన మా బాపును ఇంట్లోంచి కదిలించేదెట్లా?

కాజీపేట బిడ్డ:

అందరికీ నమస్తే. మా బాపుకు 66 ఏళ్ళు. కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. ఎక్కువ కాలం గూడ్స్ బండ్లు, చివర్లో ప్యాసింజర్. బల్లార్షా లైన్‌లో ఆయనకు తెలియని సిగ్నల్ ఉండదు.

రిటైరైన కొత్తలో బాగానే ఉండేవాడు. ఇంటి మీద ఒక అంతస్తు వేయించాడు, నా పెళ్ళి చేశాడు. ఆ పనులన్నీ అయిపోయాక సోఫాలో కూర్చున్నాడు, ఇక లేవడం లేదు. పొద్దంతా టీవీ, చేతిలో ఫోన్. మధ్యాహ్నం మూడు గంటలు నిద్ర. రాత్రి రెండింటికి లేచి చాయ్ పెట్టుకుంటాడు. షుగర్ ఉంది, గోళీలు మాత్రం టైముకు వేసుకుంటాడు. మోకాళ్ళు నొప్పి అంటాడు. పెళ్ళిళ్ళకు, దశదినాలకు అమ్మనే పంపుతున్నాడు. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న, అమ్మకిస్తున్న" అని వెంటనే ఇచ్చేస్తాడు. నడవడానికని బూట్లు కొన్నాను, డబ్బా కూడా విప్పలేదు. డాక్టర్ చెప్పాడు, మేనత్త చెప్పింది, అల్లుడు చెప్పాడు. చెప్పినకొద్దీ మొండికేస్తున్నాడు.

అమ్మ ఎప్పటిలాగే ఇంటి పనంతా చేసుకుంటుంది. ఆమె గురించి టెన్షన్ లేదు. బాపు గురించే భయమేస్తోంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఏం పనికొచ్చిందో చెప్పండి.

హన్మకొండ పీఈటీ టీచర్ (రిటైర్డ్):

బిడ్డా, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పిల్లలకు ఖోఖో, కబడ్డీ నేర్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు 71 నడుస్తోంది. నువ్వు రాసింది చదివాక ముందు ఒక సంగతి అడగాలనిపించింది. మీ ఇంట్లో టీవీ సౌండ్ ఎంత పెడతారు? పక్కింటికి వినబడేంత పెడుతుంటే బాపు చెవులు చూపించండి. ముప్ఫై నలభై ఏళ్ళు ఇంజన్ మోతలో, హారన్ మోతలో కూర్చున్న మనిషి ఆయన. ఆ మోత చెవి లోపలి సన్నటి కణాలను దెబ్బ తీస్తుంది, పోయినవి మళ్ళీ రావు. వినబడని మనిషి పెళ్ళికి ఎందుకు పోతాడు? నలుగురు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాదు, మళ్ళీ మళ్ళీ అడగాలంటే నామోషీ. ఫోన్‌లో నీ మాట సగమే అందుతుంటే వెంటనే అమ్మకు ఇచ్చేస్తాడు. ఇది నా ఊహ మాత్రమే, కానీ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మతిమరుపు జబ్బుకు దారితీసే వాటిలో మనం సరిచేసుకోగలిగిన కారణాలు 14 అని రాశారు. అందులో వినికిడి తగ్గడం ఉంది, కదలకుండా ఉండటం ఉంది, షుగర్ ఉంది, నలుగురికీ దూరమవడం కూడా ఉంది. మీ బాపు విషయంలో ఈ నాలుగూ ఒక్కచోటే కనిపిస్తున్నాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

రెండోది నడక. "నడువు నడువు" అంటే ఎవరూ నడవరు. మా పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున వచ్చే గుంపులో చాలామంది ఒళ్ళు తగ్గించుకోవడానికి రారు. రాకపోతే అడిగేవాళ్ళున్నారు కాబట్టి వస్తారు. మాలో ఒక కట్టుబాటు ఉంది: చెప్పకుండా రెండు రోజులు రాని మనిషికి మూడో రోజు పొద్దున ఫోన్ పోవాలి. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పని చేసిన పెద్దాయన ఒకరు కొత్తవాడ నుంచి వస్తారు. మిల్లు మూతపడ్డాక ఆయన చాలా చూశారు. ఇప్పుడు ఎనభై దాటాయి, రెండు చుట్లు నెమ్మదిగా తిరిగి బెంచీ మీద కూర్చుంటారు. మిగతా గంటంతా ముచ్చటే. ఆ ముచ్చట కోసమే ఆయన మబ్బుల లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆటో పట్టుకుని వస్తారు. ఆ ఇస్త్రీ చొక్కా చాలా పెద్ద సంగతి అంటాను నేను. ఎవరో చూస్తారన్న ఆలోచన ఉన్న మనిషి తిండి, నిద్ర, మందులు అన్నీ తనే చూసుకుంటాడు. మీ బాపుకు కూడా, కనిపించకపోతే అడిగే మనుషులు నలుగురు కావాలి. బూట్ల డబ్బా తర్వాత విప్పొచ్చు.

ఇక ఒళ్ళు సంగతి. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా. పెద్దవాళ్ళ కసరత్తు అంటే మనవాళ్ళకు నడక ఒక్కటే గుర్తొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలమంటుంది. దాంతోపాటు రెండు రోజులైనా కండ బలానికి, మూడు రోజులైనా నిలకడకు, అంటే బ్యాలెన్స్‌కు కసరత్తు చేయమంటుంది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. ముప్ఫైలు దాటినప్పటి నుంచే కండ కొద్దికొద్దిగా తగ్గుతుంది, అరవై దాటాక ఇంకా తొందరగా పోతుంది. తొడల్లో బలం పోయినప్పుడు బాత్రూంలో కాలు జారితే ఆపుకోలేరు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవాళ్ళను మన వీధుల్లోనే ఎంతమందిని చూడలేదు!

దీనికి జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీ, చేతులు లేనిది. అందులో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవాలి, మెల్లగా కూర్చోవాలి. మొదట్లో ఐదారు సార్లు చాలు. చేతుల సాయం కావాలంటే తీసుకోనివ్వండి. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడటం. అదే గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు. ఆ తర్వాత గోడ పక్కనే, ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్ళు తగిలేటట్టు గీత మీద నడిచినట్టు నడవడం. నా పిల్లలకు గ్రౌండ్‌లో సున్నం గీత మీద నేర్పించిందే ఇప్పుడు నా వయసువాళ్ళతో చేయిస్తున్నా. చాయ్ మరిగేలోపు సగం అయిపోతుంది.

కండ కావాలంటే తిండి కూడా ఉండాలి. రాత్రి పచ్చిపులుసు పోసుకుని అన్నం తిని పడుకుంటే, రుచికి నాకూ ప్రాణమే కానీ, ఆ పూట కండకు అందేది దాదాపు ఏమీ లేదు. పెద్దవాళ్ళకు బరువులో కిలోకు ఒక గ్రాము ప్రొటీన్ అయినా అందితే మంచిది అంటారు. 65 కిలోల మనిషికి 65 గ్రాములు. ఒక గుడ్డులో ఆరేడు గ్రాములు, గ్లాసెడు పాలలో ఇంచుమించు అంతే, గుప్పెడు పల్లీల్లో కూడా ఆరేడు. ముద్దపప్పు చిక్కగా ఉంటే మంచిదే, నీళ్ళ చారులో పప్పు వెతుక్కోవాలి. ఉడకబెట్టిన పెసర్లు, పెరుగు, తినేవాళ్ళైతే చేప. కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టర్‌ను అడిగాకే.

చివరగా ఒక మాట, కోపం తెచ్చుకోకు బిడ్డా. "అమ్మ గురించి టెన్షన్ లేదు" అన్నావు. అమ్మకు అరవై వచ్చి ఉంటాయి కదా. ఆమెకు రిటైర్మెంట్ లేదు. నిలబడి వండటం, వంగి ఊడ్వడం ఉన్నాయి కాబట్టి ఆమె బాగుంది అనుకుంటున్నాం. ఆమె మోకాళ్ళు, ఆమె బీపీ, ఆమె నిద్ర ఎవరైనా అడిగారా? ఇద్దరినీ ఒకే రోజు పరీక్షలకు తీసుకెళ్ళు.

కరీంనగర్ ఫిజియో:

టీచరమ్మ చెప్పిన కుర్చీ కసరత్తునే మేము పరీక్షగా కూడా వాడతాం. చేతులు ఛాతీ మీద పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 మధ్య మగవాళ్ళు 12 సార్ల కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉందని జాగ్రత్త పడాలి. అదే వయసు ఆడవాళ్ళకు 11. పక్కన ఒకరు నిలబడి ఉండగానే చేయించండి.

మోకాళ్ళ నొప్పి ఉందని పూర్తిగా కూర్చుంటే తొడ కండరం ఇంకా బలహీనపడి నొప్పి పెరుగుతుంది. మామూలు అరుగుదల నొప్పికి కసరత్తే మొదటి వైద్యం. వాపు, ఎరుపు, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ముందు డాక్టర్‌కు చూపించాలి. నడుస్తున్నప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా అంతే, ఆలస్యం చేయొద్దు.

ఇంకో రెండు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవాళ్ళలో విటమిన్ బీ12 తగ్గొచ్చు. నిస్సత్తువ, అరికాళ్ళలో తిమ్మిరి ఉంటే ఆ రక్తపరీక్ష అడగండి. రాత్రి రెండింటికి లేవడం నిద్ర పట్టకనా, మూత్రానికా కనుక్కోండి. మూత్రానికైతే షుగర్ అదుపులో లేకపోవడం, ప్రోస్టేట్ రెండూ చూడాలి. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలిగేట్టు పెట్టండి. లేవగానే నడవకుండా, మంచం అంచున ఒక నిమిషం కూర్చున్నాకే అడుగు వేయమనండి.

మంచిర్యాల రిటైర్డ్ గార్డు:

అమ్మా, నేను మీ బాపు లైన్‌లోనే తిరిగినవాణ్ణి, బండికి అటు చివర. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మా కాలంలో గార్డు. రన్నింగ్ స్టాఫ్, అంటే బండి మీద తిరిగే మా జీవితం బయటివాళ్ళకు అర్థం కాదు కాబట్టి చెప్తున్నా.

మాకు ఇల్లు అంటే రెస్ట్. డ్యూటీ అంటే బయట. కాల్ వస్తే అర్ధరాత్రయినా లేచి, బాక్స్ సర్దుకుని, సైన్ ఆన్ చేసి బండెక్కాలి. తిరిగొచ్చాక ఇంట్లో వాళ్ళు పిల్లల్ని కూడా గట్టిగా మాట్లాడనివ్వరు, "బాపు పడుకున్నడు" అని. అట్లా ముప్ఫై ఏళ్ళు ఇంట్లో పడుకోవడం అలవాటైన మనిషి, రిటైరై ఇంట్లో ఉంటే పడుకోక ఏం చేస్తాడు? కాలనీలో వినాయకుణ్ణి పెట్టినా, పక్కింట్లో పెళ్ళయినా మేము లైన్ మీద ఉంటాం. మా దోస్తులంతా రన్నింగ్ రూంలో, అంటే డ్యూటీ మీద వేరే ఊరికి పోయినప్పుడు మేము ఆగే రెస్ట్ రూంలో. వండుకున్నది పంచుకుని తిన్నవాళ్ళు, కష్టం సుఖం చెప్పుకున్నవాళ్ళు అక్కడే. రిటైరైన రోజు దండ వేసి పంపిస్తారు, ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ లోటు మీ బాపు ఇంట్లో చెప్పడు, చెప్పడం మాకు రాదు.

సర్వీసులో ఉన్నప్పుడు పీఎంఈ అని మెడికల్ ఉండేది. 55 దాటాక ఏటా వెళ్ళాల్సిందే. కళ్ళు, బీపీ, షుగర్ అన్నీ వాళ్ళే చూసేవాళ్ళు. పాస్ కాకపోతే బండి ఇవ్వరు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు పిలిచేవాళ్ళు లేరు. రిటైరైనవాళ్ళ మెడికల్ కార్డు ఉంటే ఏడాదికోసారి బాపు పుట్టినరోజు నెలలో మీరే పీఎంఈ పెట్టండి. ఆ మాట వాడండి, వస్తాడు.

నన్ను లేపింది రెండు పనులు. మా వీధిలో పిల్లలు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుతుంటే సిగ్నళ్ళ గురించి ఏదో అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. డిస్టెంట్ సిగ్నల్ ఏమిటి, హోం ఏమిటి, స్టార్టర్ ఏమిటి, పొగమంచులో పట్టాల మీద డిటోనేటర్, అంటే బండి ఎక్కగానే పేలి చప్పుడు చేసేది, ఎందుకు పెడతారు. పుస్తకంలో ఉండేదే, కానీ బండి నడిపినవాడు చెప్తే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. గార్డు చెప్తేనే అంత వింటే, లోకో పైలట్ చెప్తే ఇంకెంత వింటారు! కాజీపేటలో ఆ పరీక్షకు చదివే పిల్లలకు కొదవ లేదు. రెండోది నవంబర్ పని. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే యాప్‌లో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. 80 దాటినవాళ్ళకు అక్టోబర్ నుంచే తీసుకుంటారు. ముసలివాళ్ళు చాలామందికి అది చేతకాదు. నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చేసిపెడతా. మీ బాపు చేతిలో పొద్దంతా ఫోన్ ఉందంటున్నారు, అది మంచిదే. ఆ ఫోన్‌కు ఒక పని అప్పజెప్పండి.

జగిత్యాల సుభద్రక్క:

అందరూ గుంపులోకి పంపమంటున్నారు, నాది వేరే మాట. మా ఇంటాయన గుంపు పడని మనిషి. రిటైరయ్యాక బలవంతంగా ఒక సంఘంలో చేర్పించారు పిల్లలు, అక్కడ రాజకీయాల వాదులాటలు విని బీపీ పెంచుకుని వచ్చాడు. ఇప్పుడు డాబా మీద ఆనపకాయ, చిక్కుడు, పాలకూర పెంచుతున్నాడు. కుండీలకు మట్టి మోస్తాడు, మెట్లు ఎక్కి దిగుతాడు, వంగుతాడు, లేస్తాడు. కాసినవి నాలుగిళ్ళకు పంచుతాడు, ఆ నాలుగిళ్ళతోనే మాట్లాడతాడు. ఆయనకు అంతే చాలు. మీ బాపు ఎలాంటి మనిషో ముందు చూడండి.

హన్మకొండ పీఈటీ టీచర్ (రిటైర్డ్):

సుభద్రక్కా, మీ మాట నిజం. అడిగేవాళ్ళు ఉండాలి అన్నాను, అది గుంపే కానక్కర్లేదు. "మీ చిక్కుడుకాయ ఈ వారం రాలేదేం?" అని ఒక ఇల్లు అడిగితే కూడా అదే పని జరుగుతుంది.

గార్డు సార్ రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. పీఎంఈ మాట బాగా నచ్చింది. మగవాళ్ళను మంచి మాటలతో లేపడం కష్టం, వాళ్ళకు అలవాటైన క్రమంలో పెడితే లేస్తారు.

కాజీపేట బిడ్డ:

మీ అందరికీ దండాలు. నిన్న ఆదివారం కాజీపేట వెళ్ళి ఇప్పుడే తిరిగొచ్చాను, ఏం జరిగిందో చెప్తాను.

టీవీ సౌండ్ నిజంగానే ఎక్కువ. ఇన్నేళ్ళుగా మాకది మామూలైపోయింది. వంటింట్లోంచి మామూలు గొంతుతో పిలిస్తే పలకలేదు, ఎదురుగా వెళ్ళి మాట్లాడితే అన్నిటికీ జవాబు చెప్పాడు. పీఎంఈ టైమయింది బాపూ అన్నాను. తల ఎత్తి చూసి "తారీఖు ఎప్పుడు?" అన్నాడు! వెంటనే రెండు అపాయింట్‌మెంట్లు తీసుకున్నాను, ఒకటి చెవులకు, ఒకటి ఇద్దరికీ రక్తపరీక్షలకు. అమ్మతో కుర్చీ పరీక్ష చేయిస్తే తొమ్మిది సార్లకే ఆగిపోయింది, మోకాలు పట్టేసిందని కూర్చుంది. బాపు పది చేశాడు. టీచర్ గారూ, మీరు అనకపోతే నేను అమ్మను లెక్కలోకే తీసుకునేదాన్ని కాదు.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. చెవి మిషన్ పెట్టుకోమంటే బాపు ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు. మేనమామ కొనుక్కున్న మిషన్ డ్రాయర్‌లో పడి ఉందని ఇప్పటికే అన్నాడు. రెండోది, అమ్మకు తీరిక ఎట్లా ఇవ్వాలి? ఏ పనీ వదిలిపెట్టదు.

హన్మకొండ పీఈటీ టీచర్ (రిటైర్డ్):

బిడ్డా, చాలా సంతోషం.

మిషన్లు డ్రాయర్‌లో పడటానికి కారణం ఎక్కువసార్లు ఒకటే. మొదటి రోజే పెట్టుకుని బజారుకో పెళ్ళికో వెళ్తారు, అన్ని మోతలూ ఒకేసారి చెవిలో పడతాయి, తీసి పక్కన పెడతారు. ఏళ్ళుగా వినని శబ్దాలకు మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదట ఇంట్లో, టీవీ ఆపి, అమ్మతో ఇద్దరే మాట్లాడుకునేటప్పుడు గంటసేపు. తర్వాత కొంచెం కొంచెం పెంచాలి. మళ్ళీ వెళ్ళి సౌండ్ సరిచేయించుకోవాలి, ఒక్కసారితో కుదరదు. కొనేముందే కొన్ని రోజులు పెట్టుకుని చూసే వీలుందా, తర్వాత సరిచేయడానికి డబ్బు తీసుకుంటారా అని అడుగు. చెవిలో గుబిలి పేరుకుని కూడా వినికిడి తగ్గుతుంది, కాబట్టి మిషన్ మాట ఎత్తకముందు డాక్టర్ చెవి చూడాలి. నువ్వు కూడా ఫోన్‌లో గొంతు పెంచి అరవకు, నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడు. వీడియో కాల్ చేస్తే నీ పెదవులు చూస్తాడు, ఇంకా సులువు.

అమ్మ పని వదిలిపెట్టదు, నిజమే. అందుకే "రెస్ట్ తీసుకో" అనకు. కూరగాయలు, పాలు, గిర్ని, గ్యాస్ బుకింగ్ బాపుకు అప్పజెప్పు. బజారు నడక ఆయనకు ఎలాగూ కావాలి. మొదటి నెల పుచ్చు వంకాయలు తెస్తాడు, అమ్మను ఏమీ అనొద్దని ముందే చెప్పిపెట్టు. ఆ సమయంలో అమ్మకు తనదంటూ ఏదైనా ఉండాలి. బతుకమ్మ పాటలు పాడుతుందా? మా వాడలో నా ఈడు వాళ్ళం నలుగురం వారానికోసారి కూర్చుని పాత పాటలు పాడి, పిల్లలతో ఫోన్‌లో రికార్డు చేయిస్తున్నాం. ఒకామెకు వచ్చిన చరణం ఇంకొకామెకు రాదు. అమ్మకు పాటలు నచ్చకపోతే ఇంకేదైనా, కానీ ఏం కావాలో ఆమెనే అడుగు, నువ్వు నిర్ణయించకు. మోకాలు ఫిజియోకు చూపించాకే కుర్చీ కసరత్తు మొదలుపెట్టించు, ఇద్దరినీ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి.

మధ్యాహ్నం నిద్ర అరగంటకు తగ్గించాలి, అదీ మూడు కొట్టకముందే. పొద్దున ఎండలో ఒక అరగంట ఉంటే రాత్రి నిద్ర దారిలోకి వస్తుంది. నైట్ డ్యూటీలకు అలవాటు పడ్డ ఒళ్ళు కదా, టైం పడుతుంది. నిద్రగోళీలు మాత్రం సొంతంగా వేసుకోనివ్వకు, వాటి మత్తులో రాత్రి లేచి పడిపోయేవాళ్ళు ఎక్కువ. రామగుండం దాకా బండి నడిపిన మనిషికి వడ్డేపల్లి చెరువు కట్ట ఎంత దూరమని? కానీ మొదటి వారం కట్ట దాకా కూడా వద్దు, గిర్ని దాకా చాలు.

మంచిర్యాల రిటైర్డ్ గార్డు:

అమ్మా, వచ్చే వారం మనవరాలి పని మీద కాజీపేట వస్తున్నా. మీ బాపు ఏ సంవత్సరంలో గూడ్స్‌లో ఉన్నారో, బల్లార్షా రన్నింగ్ రూంలో వంట ఎవరి చేతిది తినేవారో అడిగి రాయండి. ఇద్దరం ఒకే బండి మీద తిరిగి ఉంటాం, ముఖం చూస్తే గుర్తుపడతాను. నేను ఇంటికి రావడం కాదు, ఆయన్నే స్టేషన్‌కు రమ్మనండి. ఏ బండికి వస్తున్నానో ముందు రోజు చెప్తాను.